పది మోరీల నీళ్ళు

31వ రోజు
డ్రమ్ములో: మూడు జానలు. మా మీటరు: సున్నా.

నెల రోజులుగా, వాడిన నీళ్ళు బయటికి పోయే మోరీ మీటరులో ఈ సున్నా చూసుకుని మురిసిపోయాను. ఈ రోజు పొద్దున అదే మా మెడకు చుట్టుకుంది. జరిగింది వరసగా రాస్తాను.

ఎండాకాలంలో మా గుట్టకింద వీధిలో కొళాయి తిప్పితే మొదట వచ్చేవి తాగే నీళ్ళు కావు. గొట్టం బండల మీదుగా వస్తుంది, ఎండకు కాగిపోతుంది. తుప్పు రంగులో అర లీటరు పారబోస్తే గానీ మంచి నీళ్ళు రావు. పదకొండు ఇళ్ళు, ఒక్కో ఇంట్లో రోజుకు నాలుగైదుసార్లు తిప్పడం. కూర్చుని లెక్క వేస్తే రోజుకు పాతిక లీటర్లు ఎవరికీ కాకుండా పోతున్నాయి. వీధి మొదట్లో నిహారిక ఇంటికి మాత్రం గొట్టం భూమిలోంచి వస్తుంది, తరుగు లేదు. అందుకని వీధంతా ఆమె కొళాయి దగ్గరే పట్టుకుందామని, తాగే నీళ్ళు మా డ్రమ్ములో పోసి నేను కొలిచి పంచుతానని అడిగాను. అందరూ ఒప్పుకున్నారు. ఈ పుస్తకం ఆ రోజే మొదలుపెట్టాను. డ్రమ్ములో ఒక వేలు లోతంటే నాలుగు లీటర్లు, పన్నెండు వేళ్ళయితే ఒక జాన.

ఈ పొద్దున మోరీ పక్కన చీపురు వెతుకుతుంటే మా వాల్వు మీద ఎర్ర దీపం కనిపించింది. పక్కింటికి పోయి చూశాను, అక్కడా ఎరుపే. నిహారిక ఇల్లు తప్ప పది ఇళ్ళకూ ఎరుపే. ఇంతలో నిహారిక ఖాళీ బిందె పట్టుకుని వచ్చింది.

"అక్కా, మా కొళాయి దారం మాదిరి వస్తాండాది. ఏం చేసినావు?"

"నేనేం చేస్తాను?"

"ఈ వీధిలో నీళ్ళకు ఏమైనా నువ్వే కదా చేసేది."

పంచాయతీ ఉత్తరాలు వచ్చే గోడ మీది పలక వెలిగించి చూశాను. కరెంటు మిగులుతుందని రెండో వారంలోనే వీధిలో పలకలన్నీ ఆపించాను. ఆ మాటా నాదే. పలకలో మూడు ఉత్తరాలున్నాయి. పదహారో రోజు: ఈ ఇంట్లో నీటి వాడకం లేదు, మీరు ఉన్నారా? ఇరవై మూడో రోజు మళ్ళీ అదే ప్రశ్న. ముప్పయ్యో రోజు: ఖాళీ ఇల్లుగా గుర్తించడమైనది, వాల్వు మూయడమైనది.

నిహారిక పలకలో ఇంకోటి. ఒక కుటుంబం పదకొండు కుటుంబాల నీళ్ళు వాడుతోంది, చౌర్యంగా అనుమానం, ఇకపై రోజుకు నూట ఇరవై లీటర్లు.

నిహారిక రెండుసార్లు చదివింది. "నీ లెక్కకు దండమక్కా. నువ్వు లేకుండా పోయినావు, నేను దొంగనైనాను."

ఈ ఉత్తరాలు రాసేది నీరుగంటి. పూర్వం చెరువు నీళ్ళు మళ్ళకు వంతుల ప్రకారం వదిలే మనిషిని అలా పిలిచేవారు. ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో బీరువా అంత యంత్రం ఉంది. నీళ్ళు, దీపాలు, చెత్త, ఇళ్ళ లెక్క, అన్నీ అదే చూస్తుంది. ఊరివాళ్ళు దానికి ఆ పేరు పెట్టారు. మా వీధిలో పదో ఇంటి ఓబులేసు మామ తాత ఈ ఊరికి ఆఖరి నీరుగంటి. ఆ పేరు వినబడినప్పుడల్లా మామ ఒకటే మాట అంటాడు. "మా తాత పేరు పెట్టినారు. కండ్లు పెట్టల్యా."

సర్పంచి చరణ్ తేజ మధ్యాహ్నం బండి మీద వచ్చాడు. గుట్ట చుట్టి రావడానికి ముప్పావు గంట. చెమట తుడుచుకోకుండానే చెప్పాడు.

"అక్కా, ఊళ్ళో అరవై మూడు ఇండ్లు. మీ పది పోతే యాభై మూడు. అరవైకి తగ్గితే మన పంచాయతీ ఉండదు. ఇంగ మూడు రోజులే, నీ పుస్తకంలో ముప్పై నాలుగో రోజు సాయంత్రం ఆరుకు యంత్రం లెక్క మూస్తాది."

"ఉండకపోతే?"

"ఆరూళ్ళ గుంపులో కలుపుతారు. బోరు గుంపుది అయిపోతాది. కోనంపల్లి చూసినావు కదా."

చూశాను. కోనంపల్లిని కలిపి రెండేళ్ళయింది. వాళ్ళ బోరు నీళ్ళు ఇప్పుడు పద్నాలుగు కిలోమీటర్ల అవతల ముందు పారతాయి, వాళ్ళకు వారానికోసారి వస్తాయి. అక్కడ ఇప్పుడున్నవి గొర్రెల దొడ్లు, కాపలాకు ఇద్దరు ముసలివాళ్ళు.

"నువ్వు సర్పంచివి. పది ఇండ్లలో మనుషులున్నారని రాయలేవా?" అన్నాను.

"రాసే వీలు నాకు లేకుండా చేసింది మనమే కదక్కా. పోయిన సర్పంచి లేని ఇండ్లు రాసి నీళ్ళు అమ్ముకున్నాడని, లెక్కలో మనిషి చెయ్యి పడకూడదని గ్రామసభలో తీర్మానం చేసినాం. నువ్వే లేచి నిలబడి చెప్పినావు."

నిజమే. ఆ రోజు బాగా మాట్లాడానని మా ఆయన ఇంటికొచ్చి మెచ్చుకున్నాడు కూడా.

ఇల్లు బతికి ఉందనడానికి యంత్రానికి మూడే గుర్తులు. కొళాయి, తడిచెత్త బుట్ట బరువు, మోరీ మీటరు. వరసగా మూడు రోజులు వీటిలో ఏదో ఒకటి కనిపిస్తే ఖాళీ ముద్ర పోతుంది. కొళాయి మూసేశారు. తడిచెత్త మా వీధిలో ఉండదు, తొక్కలు, గంజి అన్నీ కుడితిలో వేసి గేదెలకు పెడతాం. అంట్లు కడిగిన నీళ్ళు, స్నానం నీళ్ళు మోరీలో పోయం, బకెట్లలో పట్టి పాదులకు పోస్తాం. ఏ గుర్తూ మిగలకుండా నెల రోజులు బతికాం.

ఓబులేసు మామ అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "మనం పారేసేది చూస్తాదంట. మనల్ని చూడదంట."

"మోరీకి రోజుకు ఎంత పోవాల?" అని సర్పంచిని అడిగాను.

"ఇంటికి నలభై లీటర్లు."

పది ఇళ్ళకు నాలుగు వందలు. వీధికి వచ్చేది నూట ఇరవై, అవీ ముప్పై ఎనిమిది మంది తాగడానికి, వండుకోవడానికి. లెక్క అక్కడే ఆగిపోయింది. సర్పంచి లేచాడు. అప్పుడు మామ మెల్లగా అన్నాడు.

"అమ్మే, మా తాత ఒక్కో మడికీ కొత్త నీళ్ళు పెట్టేవాడనుకుంటివా? పై మడి తాగి వదిలిన నీళ్ళే కింద మడికి. అవే నీళ్ళు పది మళ్ళు తిరిగేటివి."

మా వీధి మోరీలన్నీ చివర సిమెంటు గుంతలోకే వచ్చి పడతాయి. మీటరు మాత్రం ప్రతి ఇంటి మోరీ మూతి దగ్గర ఉంది. నేను లేచి గుంత ఊడవడానికి పోయాను.

32వ రోజు
డ్రమ్ములో: రెండు జానల రెండు వేళ్ళు. మా మీటరు: సున్నా.

వీధిలో బకెట్లలో ఉన్న కడుగు నీళ్ళన్నీ పోగేస్తే ఐదు బిందెలు, అరవై లీటర్లు. రెండో ఇంటి మోరీలో పోశాం. గుంతలో చేరినవి తోడి వడగట్టి మూడో ఇంటికి. ఒక్కసారిగా గుమ్మరిస్తే మీటరు సరిగా తిరగదు, నిమిషానికి లీటరు చొప్పున వదలాలి. ప్రతి ఇంటికీ ముప్పావు గంట దగ్గరగా పట్టింది. ఎనిమిదింటికి మొదలుపెట్టాం.

నిహారిక తలమీద బిందెతో నడుస్తూ, "నీళ్ళకు ఊరేగింపు చేస్తాండాం. మేళం ఒకటే తక్కువ," అంది. ఐదో ఇంటి బాలింత గడపలోంచి నవ్వింది. బిడ్డకు పన్నెండు రోజులు. రెండు వారాల కిందే ఆ ఇంట్లో నీటి వాడకం లేదని యంత్రం రాసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక మనిషి ఎక్కువైంది.

గుంతలోనూ బిందెల్లోనూ తడి అంటుకుని ప్రతి చుట్టుకూ రెండు లీటర్లు తరుగు. అరవైతో మొదలై, పదో చుట్టుకు నలభై రెండు. ఆ చివరి ఇల్లు మాది. తరుగు ఎటు పడుతుందో నాకు ముందే తెలుసు. తప్పు ఎవరిదో కూడా తెలుసు. అందుకే చివర పెట్టుకున్నాను. 

మా మోరీ దగ్గర మీటరు నలభై దాటేసరికి నాలుగున్నర అయింది. పలకలో వచ్చింది: కదలిక గమనించాం, మొదటి రోజు.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఇది దొంగతనం కిందకి రాదు కదా?"

"లేనోళ్ళను ఉన్నారని చెప్తే దొంగతనం. మనం ఉండాం కదా," అన్నాడు మామ.

నాకు ఆ జవాబు పూర్తిగా సరిపోలేదు. ఆ తీర్మానం చదివింది నేను. అయినా రేపటికి బిందెలు వరసగా పెట్టాను.

33వ రోజు
డ్రమ్ములో: ఒక జాన నాలుగు వేళ్ళు. మా మీటరు: నలభై రెండు, నిన్నటిది.

నిన్నటి నీళ్ళు నలభై మిగిలాయి. ఈ రోజు అంట్ల నీళ్ళు పద్దెనిమిది. మొత్తం యాభై ఎనిమిది. కాగితం మీద పదో చుట్టుకు సరిగ్గా నలభై రావాలి. ఒక్క చెంబు జారినా మా ఇల్లు పోతుంది.

ఏడో చుట్టులో ఒక గేదె కట్టు తెంపుకుని వచ్చి బిందెలో మూతి పెట్టింది. నిహారిక దాని మూతి పట్టుకుని వెనక్కి తోసింది. "తల్లీ, ఇవి లెక్క నీళ్ళు, తాగితే మా ఇండ్లు పోతాయి." ఎంత తాగిందో తెలియదు. మిగతా మూడు ఇళ్ళకూ బిందెలకు మూతలు పెట్టి మోశాం.

మా మోరీలో చివరి బిందె ఒంపితే మీటరు ముప్పై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. బిందెలన్నీ తలకిందులు పెట్టి, అడుగున ఉన్నవన్నీ ఒక చెంబులోకి కార్చాం. అడుగు మురికితో సహా అర చెంబు. వడగట్టకుండానే పోశాను. నలభై. గడియారం ఐదు నలభై. 

సాయంత్రం సర్పంచి రెండు క్యాన్లు తెచ్చాడు. బాలింతకని ఊళ్ళో ఇంటికో చెంబు అడిగి పోగేశాడట. "రేపటికి ఇంగ అడగలేనక్కా. వాళ్ళవీ అడుగంటినాయి. రేపు ఆరింటికి ముద్ర పోతే ఎల్లుండి పొద్దున వాల్వులు తెరుచుకుంటాయి."

"పోకపోతే?"

అతను హెల్మెట్ పెట్టుకున్నాడు. "పోతాదిలేక్కా."

34వ రోజు
డ్రమ్ములో: ఎనిమిది వేళ్ళు. మా మీటరు: నలభై, నిన్నటిది.

రాసేటప్పటికి అంతా అయిపోయింది. అయినా వరసగానే రాస్తాను.

మిగిలినవి ముప్పై ఎనిమిది, కడుగు నీళ్ళు పద్దెనిమిది, మొత్తం యాభై ఆరు. తొమ్మిదో చుట్టుకు నలభై వస్తాయి, నాకు రెండు లీటర్లు తక్కువ పడతాయి. ఆ రెండు లీటర్లకు మా ఆయన రాత్రి స్నానం మానేసి ఒక చెంబు దాచాడు. నేను మజ్జిగ గిన్నెలు కడిగినవి దాచాను. సరిపోతాయి.

నాలుగు దాటాక తొమ్మిదో చుట్టు, మామ ఇల్లు. నలభై లీటర్లు పోశాం. మీటరు నలభై చూపింది. మామ దాన్ని కాసేపు చూసి లోపలికి పోయాడు. నేను గుంత దగ్గరికి వచ్చి చెంబు ముంచాను. చెంబు అడుగు గట్టిగా సిమెంటుకు తగిలింది.

గుంత గోడకు చీలిక. మూడు రోజులు తడవడం, ఎండడం. చీలిక పక్కన మట్టి నల్లగా తడిసి ఉంది. గబగబా తోడితే రెండు బిందెలు వచ్చాయి. ఇరవై నాలుగు లీటర్లు. దాచినవి కలిపితే ఇరవై ఆరు. పద్నాలుగు తక్కువ. టైము ఐదు పది.

ఇరవై ఆరూ మా మోరీలో వదులుతున్నంతసేపూ వీధంతా మా ఇంటి ముందు చేరింది. ఎవరింట్లో ఏమున్నాయో అందరికీ తెలుసు. కడుగు నీళ్ళు చుక్క లేవు. కుడితి తొట్లు ఎండిపోయాయి. నిహారిక కొళాయి నూట ఇరవై అయిపోయి ఆగింది. ఉన్నది మా డ్రమ్ము ఒక్కటే. ఎనిమిది వేళ్ళు, ముప్పై రెండు లీటర్లు, ముప్పై ఎనిమిది మందికి రేపు పొద్దుటిదాకా.

మీటరు ఇరవై ఆరు దగ్గర ఆగింది. ఐదు ముప్పై ఎనిమిది.

"మోరీలో పొయ్యక్కా," అంది నిహారిక. "నాలుగు వేళ్ళే కదా. ఒక రాత్రి ఓర్చుకుంటాం."

"ఇవి వీధి నీళ్ళు. నావి కావు."

"వీధే చెప్తాండాది కదా పొయ్యమని. చెప్పండప్పా."

చెప్పారు. ఒక్కొక్కరూ చెప్పారు. బాలింత కూడా గడప దగ్గర నిలబడి తల ఊపింది. మా ఆయన బిందె తెచ్చి డ్రమ్ము పక్కన పెట్టాడు.

బిందె ముంచాను. పైకి లేపాను. తేటగా ఉన్నాయి, అడుగున బిందె నొక్కులు కనిపిస్తున్నాయి. మోరీ దాకా ఏడడుగులు. నాలుగు వేశాను.

పొద్దున వాల్వులు తెరుచుకుంటాయని చెప్పింది ఎవరు? సర్పంచి నోటితో, నన్ను లేదన్న యంత్రమే. దాని మాట మీద బాలింత తాగే నీళ్ళు మోరీలో పోయాలి. నా ఇల్లు లెక్కలోకి వచ్చినా రాకపోయినా ఊరికి అరవై రెండు ఉన్నాయి. పంచాయతీ నిలబడుతుంది. పోయేది మా కొళాయి ఒక్కటే. ఇన్ని లెక్కలు వేసుకున్నానని రాస్తున్నాను గానీ, నిజానికి చెయ్యి ఒంగలేదు. తాగే నీళ్ళు మోరీలోకి వంచడానికి నా చెయ్యి ఒంగలేదు.

వెనక్కి వచ్చి బిందె డ్రమ్ములో ఒంపేశాను.

నిహారిక కోపంగా చూసింది. "నువ్వు మనిషివా, కొలత చెంబువా?"

నేను మూత పెట్టాను. ఓబులేసు మామ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "మా ఇంట్లో అంతేలే," అన్నాడు నిహారికతో. "నీరుగంటి మడికి నీళ్ళు ఆఖర్న. కొన్నేండ్లు పండేది, కొన్నేండ్లు ఎండేది. మా అవ్వ రోజూ తిట్టేది మా తాతను."

ఆరు కొట్టింది. తొమ్మిది పలకలు ఒకేసారి వెలిగాయి: తిరిగి స్వాగతం. మా పలకలో: ఖాళీ. సంవత్సరం తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు.

35వ రోజు

వాల్వులు పొద్దున ఆరింటికి తెరుచుకున్నాయి. తొమ్మిది ఇళ్ళలో కొళాయిలు దగ్గి తుప్పు కక్కాయి. మొదటి అర లీటరు పారబోయకుండా కింద చెంబులు పెట్టమని అందరి ఇళ్ళకూ తిరిగి చెప్పాను. గేదెలకు పనికొస్తాయి.

తర్వాత అందరం గుట్ట దాటి, లెక్క మూసిన మర్నాడు జరిగే గ్రామసభకు పోయాం. యంత్రం ఇళ్ళవారీగా పేర్లు పిలిచింది. అరవై రెండు. మా ఇంటిని పిలవలేదు. ఓటు లేనివాళ్ళు కూర్చునే బెంచీ మీద నేనూ మా ఆయనా, సంతకు వచ్చిన ఒక గాజులామె కూర్చున్నాం. ఆమె మమ్మల్ని ఏ ఊరని అడిగింది.

రాత్రే తీర్మానం రాసి సర్పంచికి ఇచ్చాను. ఇంటివాళ్ళు వచ్చి ఉన్నామని చెప్పి, రెండు వేరే వీధుల ఇళ్ళవాళ్ళు సాక్ష్యం చెబితే, మీటర్లు ఏం చెప్పినా ఆ ఇల్లు ఉన్నట్టే. మా మోరీల సంగతి కూడా మొత్తం రాశాను, అరవై లీటర్ల నుంచి చీలిక దాకా. దాచిపెట్టి తీర్మానం అడగడం నాకు చేతకాదు. సర్పంచి ఆ భాగం చదివేటప్పుడు గొంతు తగ్గించాడు. పాత సర్పంచి మనుషులు ఇద్దరు లేచి, మళ్ళీ దొంగ ఇళ్ళకు దారి తీస్తున్నారని అరిచారు. వాళ్ళ మాటలో న్యాయం లేదని అనలేను. అందుకే సాక్షులు వేరే వీధివాళ్ళని పెట్టాను.

ఇంటికో ఓటు, నలభై ఒక్కటి పడి తీర్మానం నెగ్గింది. అమలుకు మూడు నెలలు పడుతుంది.

నిహారిక వంతు వచ్చినప్పుడు యంత్రం అడిగింది: ఈ ఇంటి తరఫున ఎందరు?

"రెండిండ్లం," అంది నిహారిక.

చెల్లదు, మళ్ళీ చెప్పండి, అంది యంత్రం.

"చెల్లకపోతే పో," అని కూర్చుంది. ఆమె ఓటు లెక్కలో పడలేదు. పడి ఉంటే నలభై రెండు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదు. నేను తలుపు తీసేలోపే వీధివాళ్ళు వాళ్ళవాళ్ళ ఇళ్ళకు పోయి ఒక్కో చెంబుతో వచ్చారు. వరసగా డ్రమ్ములో పోసి పోయారు. బాలింత తరఫున వాళ్ళ అత్త వచ్చింది. మామ రెండు చెంబులు తెచ్చాడు, ఒకటి వాళ్ళ తాత పేరు మీదట. నిహారిక బిందెడు తెచ్చి దబాలున గుమ్మరించింది. గుప్పెడు నీళ్ళు నేల మీద పడ్డాయి.

"మెల్లగా పొయ్యాల," అన్నాను.

"నువ్వు లేవు కదక్కా," అంది. "ఎవరు చెప్తాండారబ్బా నాకు?"

ఆమె పోయాక వేళ్ళు పెట్టి కొలిచాను.

డ్రమ్ములో: పదకొండు వేళ్ళు. నేల మీద పడ్డవి: పావు చెంబు. మా మీటరు: సున్నా.